పో అంటే వచ్చే కుక్క

వానలో తడిసిన కుక్క వాసన మీకు తెలుసా? పులిసిపోయిన ఇడ్లీపిండిలో పాత గొంగళి ముంచి, ఎండలో వెయ్యకుండా మంచం కింద ఆరేస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. కొరియర్ వ్యాను నడిపే నాకు ఆ వాసన ఉద్యోగంలో భాగం. పాపకూర అనే మా ఊరి చుట్టుపక్కల ఏ గేటు వెనక ఏ జాతి శత్రువు కాపు కాస్తోందో కళ్ళు మూసుకుని చెప్పగలను. పోయిన వారం, కొండ దిగువన కొత్తగా లేచిన ఇళ్ళ వరసలో పార్సిల్ ఇవ్వబోతుంటే, గోధుమరంగు కుక్క ఒకటి తోటలోంచి వచ్చి, నా పక్కన బుద్ధిగా నిలబడి, ఒళ్ళంతా ఒక్కసారి విదిలించింది. ఇంటావిడ సారీ చెప్పింది. పర్వాలేదని పళ్ళికిలించాను గానీ, వ్యానులో కూర్చున్నాక కాసేపు తాళం తిప్పలేకపోయాను. ఆ ఇళ్ళున్న చోట ఒకప్పుడు గొర్రెలు మేసే పొలం ఉండేది. దాని వెనక బుష్.

ఇక్కడివాళ్ళు అడవిని బుష్ అంటారు. తెనాలి బడిలో నేను నేర్చుకున్న ఇంగ్లిషులో బుష్ అంటే పొద. రెండు వేల మూడులో, నా తొమ్మిదో ఏట మేం భూగోళం అడుగునున్న ఈ దీవుల దేశం వచ్చిన కొత్తలో, "ఆదివారం బుష్‌కి వెళ్దాం" అని నాన్న అంటే, పొదని చూడ్డానికి కారెందుకని అడిగాను. తీరా వెళ్తే అది పొద కాదు, పొదలన్నింటికీ ముత్తవ్వ. పదిమంది చేతులు పట్టుకున్నా చుట్టలేని కౌరి చెట్లు, మనుషులింకా ఈ దీవుల మీద కాలు పెట్టక ముందు మొలిచాయట, ఆ సంగతి గుర్తుచేస్తున్నట్టు మనల్ని కిందికి చూస్తుండేవి. కొబ్బరిచెట్టుకి నలత చేస్తే ఎలా ఉంటుందో అలాంటి ఫెర్న్ చెట్లు, వాటి కింద నెలల తరబడి ఎండ ముఖమెరగని నల్లటి బురద, గొంతులో పుల్ల ఇరుక్కున్నట్టు దగ్గి, ఆ వెంటనే గంట కొట్టినట్టు కూసే టూయీ పిట్ట, మెడ వెనక చల్లగా జారే నీటి చుక్కలు. పాము లేదు, కోతి లేదు, భయపడదామన్నా ఒక సదుపాయం లేదు. మొదటిరోజు నుంచీ ఆ అడవికీ నాకూ పడలేదు.

నాయనమ్మకి అంతకన్నా పడలేదు. ఆవిడకి షుగరు. నడవకపోతే కాళ్ళు పోతాయని డాక్టరు బెదిరించడంతో, వారమంతా ఎక్కడో ఆల్బనీ దాకా ఆఫీసుకి కారు తోలి అలసిపోయిన నాన్న, ఆదివారం ఒక్కరోజూ మమ్మల్ని ఆ బురదలోకి తోలేవాడు. అమ్మ ఆదివారాలు సూపర్‌మార్కెట్లో డ్యూటీ చేసేది కాబట్టి బతికిపోయింది. చీర మీద నాన్న పాత స్వెట్టరు, ఉన్ని మేజోళ్ళు, వాటి మీద చెప్పులు, చేతిలో గొడుగు, ఇదీ నాయనమ్మ అవతారం. ఎదురొచ్చిన ప్రతివాళ్ళూ హలో అంటే, "వీళ్ళకి పనేం లేదుటే?" అని నన్నడిగేది.

"ఒక పండు లేదు, ఒక పువ్వు లేదు. దీన్నొక అడవంటారుటే? కైకమ్మ ఇక్కడికి పంపించుంటే రాముడు మర్నాడే తిరిగొచ్చేసేవాడు."

"నిన్ను చూసి వచ్చేసేవాడు నాయనమ్మా."

"నీది నాలుక కాదే, కత్తెర!"

ఇలాంటి ఇంటికి నాన్న కుక్కని తెచ్చాడు. ఆఫీసులో ఎవరో ఊరు మారిపోతూ అంటగట్టారు. చెవులు వేలాడేసుకున్న గోధుమరంగు పిల్ల, వచ్చిన రోజునే వంటగదిలోకి దూరి, నాయనమ్మ నైవేద్యానికి తీసి ఉంచిన గారె ఎత్తుకుపోయింది. అందుకని గారె అని నేనే పేరు పెట్టాను. పక్కింటివాళ్ళకి అది గ్యారీ అని వినిపించింది. కుక్కని నమోదు చేసిన కౌన్సిల్ కాగితాల్లో కూడా గ్యారీ అనే పడింది. పాపకూరలో బారసాల చేసుకున్న తొలి గారె అదేనేమో.

నాయనమ్మ మడి సంగతి చెప్పాలి. తెల్లారగట్ల స్నానం, గరాజులో ఎవరికీ అందకుండా కర్రతో ఎత్తి తీగ మీద ఆరేసిన చీర, అది కట్టుకుని వంటా పూజా అయ్యేదాకా ఎవరూ తగలకూడదు. మనిషి తగిలితేనే మళ్ళీ స్నానం, ఇక కుక్క అయితే చెప్పక్కర్లేదు. అది గుమ్మంలో కనపడితే చాలు, చేతిలో అట్లకాడ ఊపుతూ, "ఛీ, పో! అవతలికి పో, అప్రాచ్యపు ముండా!" అని కేకలు పెట్టేది. గారె మర్యాదగా తోక ముడుచుకుని పోయేది. నాకది నచ్చలేదు.

అప్పుడు నాకు పదకొండేళ్ళు. శరదృతువు, అంటే ఇక్కడ ఏప్రిలు. మామిడికాయా వేపపువ్వూ దొరక్క, పచ్చి యాపిలూ కాకరకాయ పొడీ వేసి ఉగాది పచ్చడి చేసుకునే కాలం. పెరట్లో ఫీజోవా పళ్ళు రాలి, కుళ్ళి, సెంటు సీసా పగిలినట్టు వాసన కొడుతుంటే, ఆ చెట్టు కింద బడి అయిపోయాక నా బడి పెట్టాను. జేబు నిండా జంతికలు. "పో" అంటే దగ్గరికొస్తే ఒక ముక్క. "రా" అంటే కంచె చివరికి పరిగెడితే ఇంకో ముక్క. రెండు వారాలు పట్టింది. మా బళ్ళో దేనికైనా అంత శ్రద్ధ పెట్టి ఉంటే పదహారేళ్ళకే చదువు మానేసేదాన్ని కాదు. నాన్నకి ఈ సంగతి తెలిసే అవకాశం లేదు. ఆయన కుక్కతో ఇంగ్లిషే మాట్లాడేవాడు. మనవాళ్ళంతే, పెళ్ళాంతో తెలుగు, పిల్లలతో సగం సగం, కుక్కతో మాత్రం నిఖార్సయిన ఇంగ్లిషు.

ఇక చూడండి నా సామిరంగా. నాయనమ్మ మడి కట్టుకుని, "ఛీ, పో!" అనడం, గారె తోకాడించుకుంటూ వెళ్ళి ఆవిడ కుచ్చిళ్ళలో మూతి పెట్టడం. గట్టిగా అరిచే కొద్దీ వేగంగా వెళ్ళేది. ఆ చలికాలం ఆవిడ కొన్ని రోజులు మూడేసి స్నానాలు చేసింది. నేను బట్టలుతికే గదిలో దాక్కుని, నోట్లో తువ్వాలు కుక్కుకుని నవ్వేదాన్ని. "దీనికి నామీద ఏం కక్షే?" అని అడిగితే, "కక్ష కాదు నాయనమ్మా, ప్రేమ" అనేదాన్ని. ఆవిడ దాన్ని ఇంకా తిట్టేది. కానీ తిట్టి తిట్టి, రాత్రి పెరుగన్నంలో చివరి ముద్ద గుమ్మం బయట పెట్టడం మొదలెట్టింది. ఎందుకని అడిగితే, పాడైపోతుందని చెప్పింది. ఫ్రిజ్ ఉన్న ఇంట్లో.

వినాయక చవితి ముందటి ఆదివారం. చవితంటే ఇక్కడ చలికాలం పోతూ పోతూ తలుపు దగ్గర నిలబడే వేళ, గొర్రెలు ఈనే కాలం. నాయనమ్మకి ఇరవై ఒక్క పత్రి కావాలి. మాచీపత్రం, మారేడు, జిల్లేడు ఇక్కడెక్కడివి? ఆ అడవిలో చేతికందిన ప్రతి ఆకూ తుంపి, "ఇది మారేడనుకో, ఇది ఉత్తరేణనుకో" అని సంచీలో వేస్తోంది. ఇక్కడ ఆకు కోయడం తప్పని నాన్న అటూ ఇటూ చూస్తూ గొణుగుతున్నాడు. వినాయకుడు లెక్కపెట్టడులే అని నేను. అడవి అంచున కంచె, అవతల పచ్చటి పొలం, పాలపళ్ళ పిల్లల్లా గెంతుతున్న గొర్రెపిల్లలు. ఆ పొలం ఆసామి ఒకసారి మమ్మల్నాపి, కుక్కని గొలుసు విప్పొద్దని చెప్పాడు. ముఖం మీద నవ్వన్నది లేని మనిషి. ఆయన వెళ్ళాక గమ్‌బూట్లలో ఆయన నడిచినట్టు నడిచి చూపించి నాన్ననే నవ్వించాను.

ఆ రోజు గొలుసు విప్పింది నేనే. నాయనమ్మ వంగి ఆకులు కోస్తోంది కదా, ఒక ఆట ఆడిద్దామని. గొలుసు ఊడగానే గారె నా వైపు చూడలేదు. ముక్కు పైకెత్తింది. కంచె కింద నుంచి దూరింది. నాన్న, "కమ్, గారె, కమ్!" అని అరుస్తూనే ఉన్నాడు. నేను పో, పో అని కేకలు పెట్టాను. గొర్రెల అరుపుల్లో ఏ భాషా దానికి వినపడలేదు.

అంతా రెండు నిమిషాలు. తిరిగొచ్చి ఫెర్న్ పొదల్లో దూరి పడుకుంది. మూతి ఎర్రగా ఉంది. పొలంలో ఒక పిల్ల లేవడం లేదు, తల్లి దాని చుట్టూ తిరుగుతోంది. నాలుగు చక్రాల బైకు మీద ఆసామి వచ్చాడు. భుజాన తుపాకీ. గొర్రెల మీద పడ్డ కుక్కని కాల్చే హక్కు ఇక్కడ ఆసామికి ఉంది. ఆ సంగతి నాన్నకి తెలుసు. కుక్కేదని ఆసామి అడిగాడు.

ఇంగ్లిషు ముక్క రాకపోయినా తుపాకీ ఏ భాషో నాయనమ్మకి తెలిసింది. ఆవిడకి నాలుగడుగుల దూరంలో ఫెర్న్ ఆకు కదిలింది. గొడుగు అడ్డం పెట్టుకుని, తల తిప్పకుండా, ఆవిడ అంత మెల్లగా మాట్లాడగలదని మాకెవరికీ తెలియని గొంతుతో అంది.

"పో. పో నాన్నా. పారిపో తల్లీ, పో."

రా అని నేను ఒక్కమాట అంటే చాలు. అడవి లోపలికి పరిగెత్తి ఉండేది. ఆ మాట నాకు తెలుసు, నాకొక్కదానికే తెలుసు. టీచర్లకీ, చుట్టాలకీ, దారినపోయే ప్రతివాడికీ ఎదురు సమాధానం సిద్ధంగా ఉంచుకునే నా నోరు తెరుచుకోలేదు. అంటే నాయనమ్మకి తెలిసిపోతుందని భయపడ్డానా, లేక భయమే నన్ను పట్టుకుందా, ఇవాళ్టికీ చెప్పలేను.

గారె తోకాడించుకుంటూ బయటికొచ్చి, నాయనమ్మ మేజోళ్ళ మీద గడ్డం ఆనించి పడుకుంది.

ఆసామి దాని మెడకి తాడు వేశాడు. నాయనమ్మ వైపు తిరిగి, "సారీ, మేడమ్" అన్నాడు. షెడ్డు వెనక్కి తీసుకెళ్ళాడు. ఒకటే చప్పుడు.

ఇంటికొచ్చాక నాయనమ్మ స్నానం చెయ్యలేదు. కుక్క తగిలిన ఆ చీరతోనే పీట మీద కూర్చుని, ఇరవై ఒక్క ఆకులూ ఒక్కొక్కటీ తుడిచి వేరుచేసింది. చవితినాడు ఉండ్రాళ్ళూ కుడుములూ చేసింది గానీ, వాటి రుచి ఏమిటో మా ఇంట్లో ఎవర్నడిగినా చెప్పలేరు.

ఇప్పుడా అడవిలోకి ఎవర్నీ రానివ్వరు. మన బూట్లకి అంటిన మట్టితో ఏదో తెగులు వెళ్ళి కౌరి చెట్ల వేళ్ళని తినేస్తోందట. దారికి అడ్డంగా గేటు, గేటుకి బోర్డు. అంతకాలం ఎవరికీ తలవంచని చెట్లు మన చెప్పులకి చచ్చిపోతున్నాయి. ఆసామి పొలం అమ్మేసి ఎటో వెళ్ళిపోయాడు. నాయనమ్మ రెండేళ్ళ క్రితం పోయింది.

పోయేముందు ఆసుపత్రిలో, రాత్రంతా కనిపెట్టుకుని ఉన్న నర్సు చెయ్యి పట్టుకుని, నన్ను అనువాదం చెయ్యమని కూర్చోబెట్టి, ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ దాదాపు ఇరవై ఏళ్ళుగా చెప్పిన కథే చెప్పింది. "జన్మంతా దాన్ని ఛీ, పో అన్నానమ్మా. ప్రాణం మీదికొచ్చినప్పుడు పారిపొమ్మన్నాను. పోలేదు. నన్ను వదిలి పోలేక నా కాళ్ళ దగ్గరికే వచ్చింది. అంత ప్రేమ నామీద కడుపున పుట్టినవాళ్ళకి కూడా లేదు."

నేను ఇంగ్లిషులో చెప్పాను. ప్రతి మాటా చెప్పాను, ఆవిడ చెప్పినట్టే చెప్పాను. నర్సు కళ్ళు తుడుచుకుంది. సరిగ్గా చెప్పావుటే అని నాయనమ్మ నన్నడిగింది. ఒక్క తప్పు కూడా లేకుండా చెప్పానని అన్నాను.