నేలరాలని కారం

మూడు వేలు అడిగిన నెల్లూరు ఫొటోగ్రాఫరును ఒక్క ఫోన్లో సున్నాకు దించిన ఘనత నాది. (ఇక రానని అతను ఫోన్ పెట్టేశాడన్నది వేరే సంగతి.) డిగ్రీ పూర్తయి, కోవూరులో మా కిరాణా కొట్టు గల్లా ముందు కూర్చున్న ఆ కొత్తలో, బేరమాడకుండా ఏ ధరకైనా తలూపడం నామర్దా అనుకునేదాన్ని. ఆ ధీమాతోనే "నీ సీసా ఫొటో నేనే తీస్తా" అని మైపాడత్తకు మాటిచ్చేశాను. మైపాడత్త అంటే మా నాన్న చెల్లెలు. మైపాడులో రొయ్యల పచ్చడి పెట్టి, మొదటిసారి నెల్లూరులో ఒక పెద్ద షాపును వంద సీసాలకు ఒప్పించింది. లేబుల్ ఉంటేనే సరుకు దించుకుంటామన్నారు వాళ్లు. మర్నాడే దించాలి. ఫొటో ఆ సాయంత్రం ఆరులోగా ప్రెస్సుకు చేరకపోతే వంద సీసాలూ అత్త ఇంట్లోనే.

మూడింటికి, అత్త వెంట తెచ్చిన సీసాను మా కొట్టు బల్ల మీద పెట్టి, ఎదురుగా కాటాకు ఆనించి ఫోన్ నిలబెట్టాను. పైన బల్బు వేస్తే గాజులో రొయ్యలకు బదులు నా ముఖమే మెరిసింది. పక్కనుంచి టార్చి కొడితే పచ్చడి తారులా నల్లబడింది. చివరికి నాన్న తెల్లపంచెను వాకిలికి అడ్డంగా మేకులు కొట్టి బిగించి, దాని గుండా ఎండను రానిస్తే, నూనె ఎర్రగా, రొయ్య నిగనిగలాడుతూ కనిపించాయి. అక్కడితో ఆగితే నేను నేనెందుకవుతాను? సీసా మీదికి కారం రాలుతున్నట్టు ఉండాలని పట్టుబట్టాను.

నాన్న చల్లాడు. ముప్ఫయ్యేళ్లు పొట్లాలు కట్టిన చెయ్యి అది. కారం సన్నటి దారంలా దిగి, మూత మీద బుద్ధిగా కుప్పయింది. ఒక్క రవ్వ బల్ల మీద పడలేదు.

"చెదరాల నాన్నా!"

"చెదిరితే పోద్ది గదమ్మే! కిలో ఎంతనుకుంటుండావు?"

రెండోసారి గుప్పెడు పైకి విసిరాడు. రెండో చెయ్యి దానంతటదే వచ్చి పట్టేసుకుంది. మూడోసారీ అంతే.

"నువ్వు తప్పుకో అన్నా. చెల్లెలి యాపారం మునిగిపోతుంటే కారం లెక్కేస్తుండావే!" అంటూ అత్త ప్యాకెట్ లాక్కుని దోసెడు విసిరింది. మూలనున్న టేబుల్ ఫ్యాను (కారం గాల్లో తేలాలని నేనే పెట్టాను) ఆ దోసెడునూ మా ముగ్గురి కళ్లకూ సమానంగా పంచింది. దగ్గులు, తుమ్ములు, చెంబుల కొద్దీ నీళ్లు. కళ్లు తెరిచేసరికి ఐదుంబావు. సముద్రం వైపు నుంచి మబ్బు పట్టి, పంచె వెనక వెలుతురు సగం చచ్చింది.

అత్త తిట్టినా బాగుండేది. పైటచెంగుతో సీసా తుడుస్తూ, "వాళ్లతో ఇంకోసారి మాట్లాడే ముఖం నాకు లేదమ్మే" అంది నెమ్మదిగా.

ఆ వెలుతురులో ఒక్కో ఫొటోకు అర సెకను పట్టేలా ఫోన్‌ను మార్చాల్సి వచ్చింది. కదిలేదేదైనా అలికినట్టు పడుతుంది. ప్యాకెట్‌లో మిగిలింది ఒక్క గుప్పెడు. ఫ్యాను కట్టేసి, టైమర్ పెట్టి ఊపిరి బిగబట్టాను. అత్త చల్లింది. సరిగ్గా అప్పుడే, తప్పుకుని నిలబడ్డ నాన్న చెయ్యి ఒక్క ఉదుటున కారం కిందికి దూసుకొచ్చింది.

"నాన్నా!" అని అరిచాను. ఏడుపొక్కటే తక్కువ.

ఫోన్ చూశాం. సీసా చెక్కుచెదరకుండా నిలబడి ఉంది, లోపల ఏ రొయ్యకా రొయ్య కనిపిస్తోంది. పైనుంచి ఎర్రటి గీతలు వానలా దిగుతున్నాయి. ఆ వాన కింద, పొగలా కదిలిపోతూ, పట్టుకోబోతున్న ఒక అరచెయ్యి.

"చెయ్యి కత్తిరించేస్తా అత్తా," అన్నాను.

"ఆగమ్మే. రోట్లో మిరపకాయలు దంచేటప్పుడు మా అమ్మ కూడా ఇట్టనే చెయ్యి అడ్డం పెట్టేది, గింజ బయటికి పోనిచ్చేది కాదు. ఉండనీ."

ఆరుకు పది నిమిషాలుండగా ప్రెస్సుకు పంపాం. మర్నాడు వంద సీసాలూ లేబుల్ మీద నాన్న చేత్తోనే షాపులో దిగాయి. అత్తకు మూడు వేలు మిగిల్చానని చాలాకాలం చెప్పుకుని తిరిగాను. అసలు లెక్క ఇది: పంచె ఆరువందల యాభై, కారం రెండు వందలు, ముగ్గురి కంటి చుక్కలు రెండు వందల డెబ్భై, కారం దూరి చెడిన ఫ్యాను మోటారు నాలుగు వందల ఎనభై, వాకిలి మూసినందుకు పోయిన లాభం పదిహేను వందలు. మొత్తం మూడు వేల నూరు. నాన్న చేతికి కూలి ఇందులో వేయలేదు. ఆ వయసులో దానికీ బేరమాడి ఉండేదాన్ని.