దొరకని మూడో ముక్క

నాకు మెకానిక్ పని నేర్పిన ఉస్తాద్ పోయారని భూపాలపల్లి నుంచి ఆయన కూతురు ఫోన్ చేసి చెప్పింది. పొద్దున చాయ్ తాగి, గ్లాసు కింద పెట్టి, అట్లాగే కుర్చీలో వాలిపోయారట. నొప్పి అనలేదట, ఎవరినీ పిలవలేదట. తొర్రూరులో నా షెడ్డు ముందు నిలబడి ఆ మాటలు విన్నాను. ఏడుపు రావాలి, రాలేదు. ముందుగా నాకు కలిగింది తేలిక. ఇక ఆయనకు చెప్పాల్సిన పని లేదు కదా అన్న తేలిక. అది నాలో పుట్టిందని తెలిసినప్పటి నుంచి తల ఎత్తబుద్ధి కావడం లేదు. ఆయన్ని పొగిడేవాళ్లు చాలామంది ఉన్నారు. నేనూ పొగుడుతాను. కానీ ఆయనకు నేను చేసింది చెప్పకుండా పొగిడితే ఇంకో తప్పు చేసినవాణ్నవుతాను.

ఆయన దగ్గర పనికి చేరేనాటికి నేను చిన్నవాణ్ని కాదు. జనగామలో ఒకాయన దగ్గర జీపు నడిపేవాణ్ని. ఆయన జీపు అమ్మేశాడు, నా బతుకు రోడ్డున పడింది. అప్పటికి పెళ్లయి ఇద్దరు పిల్లలు. ముప్పై ఏళ్లకు పానా పట్టుకుంటానంటే ఎవరూ రానివ్వలేదు. అప్పట్లో జనగామలోనే షెడ్డు ఉన్న ఉస్తాద్ మాత్రం నా చేతులు తిప్పి చూసి, బండి నడిపినవాడికి బండి బాధ సగం తెలుస్తుందని రమ్మన్నారు. "పెండ్లైన శిష్యుడు" అని పేరు పెట్టి వచ్చినవాళ్లందరికీ చూపించేవారు. తర్వాత షెడ్డు మానుకోటకు మార్చినప్పుడు నన్నూ వెంట తీసుకుపోయారు. ఆరేళ్లు ఆయన పక్కనే తిన్నాను.

ఆయన పని పద్ధతి ఒకటి చెప్పాలి. పాత ధోవతి ముక్క ఒకటి ఉండేది. రోజూ సాయంత్రం సబ్బు పెట్టి తనే ఉతుక్కునేవారు, ఇంట్లో వాళ్లను కూడా ముట్టనిచ్చేవారు కాదు. ఏ బండి విప్పినా సామాను ఆ తెల్లగుడ్డ మీద విప్పిన వరసలోనే పేర్చేవారు. లోపల ఏదైనా విరిగితే ముక్కలన్నీ ఏరి, ఆ గుడ్డ మీద ఒకదానికొకటి ఆనించి, వస్తువు మళ్లీ పూర్తిగా కనిపించేదాకా బండి మూసేవారు కాదు. గోరంత ముక్క తక్కువైనా మూసేవారు కాదు. కస్టమర్ నెత్తిన నిలబడి తొందరపెడితే లవంగం నములుతూ నవ్వేవారు. గేరు నూనెను వేలికి రాసుకుని వాసన చూసి, మాడిందో లేదో చెప్పేవారు. అయిపోతుంది అనే మాట ఆయన నోట వినలేదు, ఎప్పుడూ "చూద్దాం" అనేవారు. ఒకటి మాత్రం మాకు పదేపదే చెప్పేవారు: "బండి అబద్ధమాడదుర. బండి తెచ్చినోడే ఆడుతడు."

తర్వాత నేను తొర్రూరులో సొంత షెడ్డు పెట్టుకున్నాను. హైదరాబాద్ పోయి ఆటోమేటిక్ గేరు బండ్ల మీద పది రోజుల ట్రైనింగ్ తీసుకుని, ఆ సర్టిఫికెట్ గోడకు వేలాడదీశాను. మానుకోట పోయినప్పుడు ఉస్తాద్‌కే పాఠాలు చెప్పేవాణ్ని. ఆయన ఓపికగా వినేవారు.

మూడేళ్ల కిందట ఒక టీచరమ్మ కారు తెచ్చింది. ఉండేది నర్సింహులపేటలో, బడి బయ్యారం దగ్గర. చిన్నప్పటి నుంచి ఎడమకాలు బాగుండదు, క్లచ్ తొక్కలేదు. అందుకే వెతికి వెతికి పాత ఆటోమేటిక్ కారు కొనుక్కుంది. ఆ కారు లేకపోతే ఆమెకు ఉద్యోగం కష్టమే. గేరు మారేటప్పుడు కొద్దిగా కుదుపు వస్తోందని, నూనె చూడమని చెప్పి వదిలివెళ్లింది.

ఆ బండికి గేర్‌బాక్స్‌లో నూనె చూసే గొట్టం ఉంటుంది. దాని మూతికి మూత, మూత ఊడకుండా అడ్డంగా ఒక చిన్న ప్లాస్టిక్ లాక్. అలాంటిదే ఒకసారి ఉస్తాద్ నా ముందు విప్పారు. స్క్రూడ్రైవర్ పెట్టొద్దు, కింద నుంచి వేలితో నొక్కితే అదే వస్తుందని చెప్పారు. నేనేమో సర్టిఫికెట్ ఉన్నవాణ్ని. స్క్రూడ్రైవర్ పెట్టి ఎత్తాను. టప్పున మూడు ముక్కలైంది. పైముక్క నా చేతిలోకి వచ్చింది, రెండు ముక్కలు గొట్టంలోకి జారాయి. వాటిని తీద్దామని వైరు పెట్టి కెలికితే ఇంకా లోపలికి పోయాయి. ఇంజన్ మాత్రం స్టార్ట్ చేయలేదు, ఆ ఒక్క బుద్ధి మిగిలింది. చేతిలో ఉన్న ముక్కను చొక్కా జేబులో వేసుకున్నాను. టీచరమ్మకు ఫోన్ చేసి, లాక్ ముందే విరిగి లోపల పడి ఉందని, హైదరాబాద్‌లో ఎవరో చేసిన పని అని చెప్పాను. అంత సాఫీగా ఎట్లా వచ్చిందో ఆ అబద్ధం, నాకే ఆశ్చర్యం.

కారును డీసీఎం వ్యాన్‌లో ఎక్కించి మానుకోట తీసుకుపోయాను. టీచరమ్మ కూడా వచ్చింది. ఆమె ముందే ఉస్తాద్‌కు అదే కథ చెప్పాల్సి వచ్చింది. ఆయన నూనె తెల్ల తట్టలోకి దింపారు, గుడ్డలో వడగట్టారు, కింది పళ్లెం విప్పారు. గంటలో రెండు ముక్కలు దొరికాయి. తెల్లగుడ్డ మీద ఆనించి చూశారు. ఒక పక్క ఖాళీ.

"ఇంకో ముక్క ఉన్నది," అన్నారు. ఒక ముక్కను వెలుతురుకు పట్టి చాలాసేపు చూశారు. "విరిగిన కాడ కొత్తగనే కానొస్తున్నదేందిర?"

పాతదే ఉస్తాద్, కుదుపులకు ఇంకింత విరిగి ఉంటుంది అన్నాను. ఆయన నా ముఖం చూశారు, మళ్లీ ముక్కను చూశారు, తలూపారు. తన కంటిని పక్కన పెట్టి నా మాట నమ్మారు. ముక్క ఎప్పుడో విరిగి ఉంటే నూనెతో పాటు పై దారుల్లోకి పోయి ఉంటుందని లెక్క వేసుకుని, ఆ దారులుండే పెట్టె కూడా విప్పడానికి మళ్లీ కారు కిందికి దూరారు. అప్పటికి ఆయనకు డెబ్బై దగ్గర. నడుముకు బెల్టు కట్టుకుని, అట్ట మీద వెల్లకిలా పడుకుని, టార్చి పళ్ల మధ్య పెట్టుకుని వెతికారు. నేను పక్కన కూర్చుని పానాలు అందించాను. వంగినప్పుడల్లా జేబులో ముక్క నాకు తగులుతూనే ఉంది.

రెండో రోజు బుద్ధి పుట్టింది. దాన్ని గుట్టుగా నూనె తట్టలో పడేస్తే ఆయనకే దొరుకుతుంది కదా అనుకున్నాను. తీరా చూస్తే చొక్కా మార్చుకుని వచ్చాను. తొర్రూరు ఎంత దూరం, బండెక్కితే పోయి తేవచ్చు. పోలేదు. మూడో రోజు తెచ్చాను, కానీ తట్టను ఆయన అప్పటికే నాలుగుసార్లు వడగట్టారు. ఇప్పుడు వేస్తే పట్టుకుంటారని భయపడ్డాను. ఆయన పట్టుకుంటే నా పరువు పోతుందని భయం. ఆయన నడుము సంగతి నాకు పట్టలేదు. ఈ వాక్యం రాయడానికి చాలాసేపు పట్టింది.

మూడో రోజు మధ్యాహ్నం ఆయన బయటికి వచ్చి, నూనె మరకలతో అట్ట మీదే కూర్చున్నారు. జీవితంలో మొదటిసారి ఒక ముక్క తక్కువతో బండి మూశారు. టీచరమ్మను పిలిచి నా ఎదుటే చెప్పారు. "అమ్మా, ఒక ముక్క దొరకలే. లోపలున్నదో లేదో నేను చెప్పలేను. ఏమన్నయితే తప్పు నాదే, వేరేటోళ్లది గాదు." ఆమె ఆయనకు దండం పెట్టి కారు తీసుకుపోయింది. ఏం కాదు ఉస్తాద్, బండి మంచిగ నడుస్తుంది అని నేను ధైర్యం చెప్పాను. నడుస్తుందని నాకన్నా బాగా ఎవరికి తెలుసు? ఆ సాయంత్రం తొర్రూరు దారిలో బండి ఆపి, ముక్కను పత్తి చేనులోకి విసిరేశాను.

నాకు శిక్ష ఏమీ పడలేదు. పడిందంతా ఆయనకే. కండ్లు పోయినయ్ నాయిన, ముక్క అక్కడ్నే ఉంటది, నాకే కానొస్తలేదు అని వచ్చినవాళ్లందరితో అనడం మొదలుపెట్టారు. ముందు గేర్‌బాక్స్ పని మానేశారు. కండ్ల దవాఖానకు నేనే తీసుకుపోయాను. వయసుకు తగ్గట్టు బాగానే ఉన్నాయి, ఆపరేషన్ అక్కర్లేదు అన్నాడు డాక్టర్. బయటికి వచ్చాక ఉస్తాద్, డాక్టర్ బోర్డు మీది అక్షరాలు చూపించి అడుగుతాడు కానీ ముక్క ఎక్కడున్నదో చూపించి అడగడు కదా అని నవ్వారు. దవాఖాన మెట్ల మీద, ఇద్దరమే ఉన్నాం. అప్పుడైనా చెప్పొచ్చు. చాయ్ తాగుదామా అన్నాను.

ఏడాది తిరక్కుండా షెడ్డు తీసేసి, భార్యతో కలిసి కూతురి దగ్గరికి పోయారు. అల్లుడికి అక్కడ బొగ్గు గనిలో ఉద్యోగం. నెలకోసారి నాకు ఫోన్ చేసేవారు. నా పిల్లల గురించి అడిగి, చివర తప్పకుండా టీచరమ్మ బండి ఎట్లున్నది అనేవారు. మంచిగున్నది ఉస్తాద్ అనేవాణ్ని. జర కనిపెట్టుకుని ఉండు, లోపల ఒకటున్నది అనేవారు. ఎన్ని నెలలు, ఎన్ని ఫోన్లు. ప్రతిసారీ ఆయనే నాకు దారి తెరిచినట్టుండేది, ప్రతిసారీ నేనే మూశాను.

దినాల రోజు చుట్టాల మధ్య నోరు రాలేదు. వారం తర్వాత మళ్లీ భూపాలపల్లి పోయాను. ఉస్తాద్ భార్య, నేను అమ్మా అని పిలిచే ఆమె, వరండాలో పాత చీరలతో బొంత కుడుతోంది. ఆరేళ్లు నాకు అన్నం పెట్టిన మనిషి. ఎదురుగా కింద కూర్చుని మొత్తం చెప్పాను, జేబులో ముక్క సంగతి, చేనులో విసిరేసిన సంగతి. ఆమె తిట్టలేదు, ఏడవలేదు. కుట్టు ఆపకుండానే విన్నది. అంతా అయ్యాక అన్నది.

"కండ్లు పోయినయ్, కండ్లు పోయినయ్ అనెటోడు బిడ్డా. పోలేదని నాకెరికే. కానరానిది నాకు. పోయేముందు రోజు దాక నా సూదిల దారం ఆయననే ఎక్కిచ్చిండు. ఎక్కిచ్చి ఏమనెటోడో ఎరికేనా? ఇయ్యాల ఎట్లనో పోయింది అనెటోడు. దినాం గదే మాట."

సూదిలో దారం అయిపోయింది. ఆమె కొత్త దారం తెంపి, సూదీ దారమూ నా ముందుకు చాపింది. నేను దారం కొసను తడిపి, వెలుతురు వైపు తిరిగి, సూదిని పైకి పట్టుకున్నాను. మొదటిసారి పక్కకు పోయింది. రెండోసారీ పోయింది. ఆమె చెయ్యి చాపి అట్లాగే కూర్చుంది.