మామ ఖద్దరు కట్టిన ఏడాది

మొన్న ఓట్లడగడానికి మా వాకిట్లోకి వచ్చిన నాయకుడి కండువా రంగు మారింది. పోయినసారి ఇదే వాకిట్లో నిలబడి, ఇప్పుడు తాను చేరిన పార్టీనే తిట్టిపోయినాడు. మా మనవరాలు నవ్వింది. నాకు మాత్రం మా మామ గుర్తొచ్చినాడు.

నేను కొమరోలు దగ్గర ఆ ఇంటికి కోడలిగా పోయేనాటికి మామ జిల్లా బోర్డు మెంబరు. కోటూ తలపాగాతో గిద్దలూరులో రైలెక్కి కర్నూలు మీటింగులకు పోయేవాడు. కలెక్టరు క్యాంపు వేస్తే పాలూ కోళ్లూ మా ఇంటినుంచే. దొరల రాజ్యం ఇంకో వందేళ్లుంటుందని ఆయన నమ్మకం. ఆ నమ్మకంతోనే, కల్లు దుకాణం మూయాలని ఖద్దరువాళ్లతో కలిసి దాని ముందర నిలబడిన క్రైస్తవుల పేట బడి అయ్యవారి మీద సాక్ష్యం చెప్పినాడంట. అయ్యవారు ఆరునెలలు జైల్లో ఉన్నాడు, ఉద్యోగమూ పోయింది.

యుద్ధం అయిపోయి, దొరలు వెళ్లిపోతారన్న మాట పేపర్లో రావడం మొదలయ్యేసరికి మామకు నిద్ర కరువైంది. కోటూ, కొత్త ఖద్దరు పంచే ఒకే పెట్టెలో ఉండేవి. వాకిట్లో బండి చప్పుడైతే చాలు, ఏది తొడుక్కోవాలో తేలక పెట్టె ముందర నిలబడేవాడు. పోలీసులు ఖద్దరు చూస్తారేమోనని అత్తకు భయం, ఖద్దరువాళ్లు కోటు చూస్తారేమోనని మామకు భయం. ఆఖరుకు ఖద్దరే కట్టి, ఓట్లకు నిలబడతానని కబురంపితే, కర్నూలులోని ఖద్దరు పార్టీ పెద్దలు ఒకటే మాట చెప్పి పంపినారు. జైలుకు పోయిన ఆ అయ్యవారు ఒప్పుకున్నట్టు కాగితం మీద సంతకం పెడితే అసెంబ్లీ టికెట్టు సంగతి చూస్తామని.

కబురు పెడితే అయ్యవారు వచ్చినాడు. మామ కుర్చీ వేయించినాడు. మా ఇంట్లో ఆ పేట మనిషి కుర్చీలో కూర్చోవడం అదే మొదలు. తలుపు వెనక నిలబడి నేనూ అత్తా వింటున్నాం. మామ చాలాసేపు వానల గురించి మాట్లాడి, చివరికి తప్పైపోయిందన్నాడు.

అయ్యవారు తల అడ్డంగా ఊపినాడు. "నా జైలు సంగతి వదిలేయండయ్యా. మా పేటకు బాయి తవ్విస్తానని రెండుసార్లు బోర్డు ఓట్లప్పుడు చెప్పినారు. నీళ్లు పడినాంక సంతకం పెడతా."

మామ తవ్వించినాడు. అడుగంతా బండ. మందు పెట్టి పేల్చినకొద్దీ టికెట్టు గడువు దగ్గరపడేది. మామ గట్టు మీదే అన్నం తినేవాడు. నీళ్లు పడినాయి, అయ్యవారు అన్నమాట ప్రకారం సంతకం పెట్టినాడు. ఆ కాగితం పట్టుకొని మామ కర్నూలు పోతే, నాలుగు రోజుల కిందటే టికెట్టు ఇంకొకరికి ఇచ్చేసినారు. ఆయనా నిన్నటిదాకా కోటు తొడిగినవాడే.

తిరిగొచ్చినాక మామ రెండు రోజులు వాకిలి దాటలేదు. మూడో రోజు అయ్యవారు పిలవకుండానే వచ్చి, "పదండయ్యా, మొదటి బిందె మీ చేతనే తోడించాలని పేట ఆడోళ్లు కాచుకొని ఉన్నారు" అన్నాడు. మామ కళ్లు తుడుచుకొని లేచినాడు. ఆ తర్వాత ఆయన ఏ ఎన్నికల్లోనూ నిలబడలేదు.

మంచి పనులన్నీ మంచి మనసుతోనే జరుగుతాయని ఆ వయసులో అనుకునేదాన్ని. భయంతో చేసినవి కూడా నిలబడతాయని తెలుసుకోవడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.