రాజమణి అక్క మాత్రికలు

నాకు చిన్నప్పుడు నత్తి ఉండేది. మా అమ్మాయి రాధకూ వస్తుందేమోనని నా భయం. మూడున్నరేళ్ల పిల్లను ఎవరైనా ఏదైనా అడిగితే, జవాబు చెప్పేముందు కాసేపు ఆగేది. ఆ ఆగడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. అందుకని ఆమె నోరు తెరిచేలోపే నేనే చెప్పేసేవాణ్ని. పైగా ఫిజిక్స్ చదివినవాణ్ని. తండ్రి నత్తి కూతురికి వచ్చే అవకాశం నూటికెంతో ఎక్కడో చదివి, గుర్తుపెట్టుకుని మరీ భయపడేవాణ్ని.

ఇలా అడ్డుపడి చెప్పేసే నా జబ్బును కనిపెట్టింది డాక్టరు కాదు, నేను సైన్సు చెప్పే బడిలోనే లెక్కల టీచరు రాజమణి అక్క.

ఆమెది కురవి. మహబూబాబాద్‌లోని మా హైస్కూలుకు రోజూ బస్సులో వచ్చేది. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో కాలేజీలు మూతపడితే ఇంట్లో కూర్చుని పై తరగతి బీజగణితమంతా చేసేసిందట. "అందరికి ఏడాది పోయింది, నాకు ఏడాది దొరికింది" అనేది.

ఎనభై ఆరులో బడికి కంప్యూటర్ వచ్చింది. హెడ్మాస్టరు దానికి కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, చెప్పులు బయట విడవాలని బోర్డు రాయించి, గదికి తాళం వేశాడు. తాళంచెవి అడిగింది రాజమణి అక్క ఒక్కతే.

ఆ మిషన్ చేత అంకెలతో కాదు, అక్షరాలతో లెక్కలు చేయించాలని ఆమె పట్టుదల. ఒక్కో రకం రాశికి ఒక్కో పట్టిక రాసి, అందులో దాని సూత్రాలు పెట్టింది. కొత్త రకం వస్తే అన్నీ మళ్లీ రాయదు. ఏ పాత రకం నుంచి వచ్చిందో చెప్పి, తేడా ఉన్న సూత్రం మాత్రం రాస్తుంది.

"అక్క లంగ చెల్లెకు కట్టిచ్చినట్టు తమ్మీ. పొడుగైతె అంచొక్కటె మడిచి కుడుతం గద."

అంకెలను అడ్డంగా, నిలువుగా వరుసల్లో పేర్చే మాత్రికల దగ్గర చిక్కొచ్చింది. మామూలు అక్షరాలను ఏ వరుసలో గుణించినా ఒకటే. మాత్రికలకు వరుస మారితే జవాబు మారుతుంది. ఆ తేడాను ఆమె పట్టికలో రాసింది కూడా. అయినా రెండు మాత్రికల గుణకారాన్ని క్యూపీ అని కొడితే మిషన్ బుద్ధిగా పీక్యూ అని తిప్పి చూపించేది. వారంగా ఇదే వరస.

ఒక శనివారం నా భార్య ఊరెళ్లడంతో రాధను బడికి, అక్క పనిచేసుకుంటున్న కంప్యూటర్ గదికి తీసుకెళ్లాను.

"ఏం తిన్నవ్ బిడ్డా?" అంది అక్క.

"ఉప్మా," అన్నాను.

"గౌను ఎవలు కుట్టిన్రు?"

"వాళ్ల అమ్మమ్మ."

అక్క నన్ను పైనుంచి కిందికి చూసింది. "గౌను నువ్వు తొడుక్కున్నవా తమ్మీ? పిల్లనడుగుతుంటె నువ్వు పలుకుతున్నవ్."

అంటూనే తెరవైపు తిరిగి ఆగిపోయింది. "గీ మిషన్ గూడ గిట్లనే చేస్తున్నట్టున్నది."

ప్రోగ్రాం రాసుకున్న నోటుపుస్తకం వెనక్కి తిప్పింది. అనుకున్నట్టే అయింది. ప్రోగ్రాం ముందు పాత రకం పట్టికకు పోతోంది. అక్కడ సూత్రం దొరకగానే తృప్తిపడి, కొత్త రకం వైపు చూడటమే లేదు. రెండు లైన్లు అటుది ఇటు మార్చి, ముందు కొత్త రకం పట్టికనే చూసేలా చేసింది. ఈసారి క్యూపీ క్యూపీగానే ఉంది.

"ఇగ నువ్వు జర నోరు మూసుకొని కూసో," అని నాకు చెప్పి, మళ్లీ రాధను అడిగింది. "ఏం తిన్నవ్ బిడ్డా?"

రాధ అలవాటు కొద్దీ నావైపు చూసింది. నేను నాలుక పళ్లమధ్య పెట్టుకుని లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఏడు అంకెలు గడిచాయి.

"అ... అటుకులు. పక్కింటవ్వ పెట్టింది. ఉప్మా కోళ్లకేసిన."

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "నీ సూత్రం పెడితె ఉప్మా వచ్చె. దాని సూత్రం పెడితె అటుకులు వచ్చె."

నవ్వలేకపోయాను. వెళ్లేముందు మెల్లగా అడిగాను. "అక్కా, ఆ 'అ' దగ్గర ఆగింది నత్తేనా?"

"ఏమో. ఉంటె ఉండనీ. అటుకులైతె బయటికొచ్చినయి గద."

ఇప్పుడు రాధకు ఐదేళ్లు. మొన్న దవాఖానలో డాక్టరు ఎక్కడ నొస్తున్నదని అడిగితే, నేను కిటికీలోంచి బయటికి చూస్తూ లెక్కపెట్టాను. రాధ చెప్పేసరికి పదకొండు దాకా పోయింది. చెమట పట్టింది కానీ నోరు తెరవలేదు. ఆ శనివారం కంప్యూటర్ గది తాళం వేస్తూ అక్క అన్న మాట పట్టుకునే కూర్చున్నాను:

"మొదలు పిల్లనడుగు తమ్మీ. దాని కాడ జవాబు లేకుంటెనే నీ కాడికి రావాలె."