నేను పగలగొట్టని జాడీ

మొన్న కలకత్తా సాల్ట్ లేక్‌లో మా అమ్మాయి ఇంట్లో నా చేతిలోంచి జారి ఒక టీకప్పు పగిలింది. చీపురు కోసం వెళ్లి వచ్చేసరికి నా ఆరేళ్ల మనవరాలు తల్లి ముందు చేతులు కట్టుకుని నిలబడి, కప్పు తనే పగలగొట్టానని ఒప్పుకుంటోంది. విషయం ఏమిటంటే, వాళ్ల ఫ్రిజ్ తలుపుకి ఒక కాగితం అంటించి ఉంది. తప్పు చేసి తనంతట తానే చెబితే దాని మీద ఒక నక్షత్రం పడుతుంది. ఆ వారం పిల్లకి నక్షత్రాలు తక్కువయ్యాయట. మా అమ్మాయి మురిసిపోయి వెంటనే ఒకటి అంటించింది కూడా. కప్పు నా పనేనని తర్వాత చెప్పాననుకోండి, నక్షత్రం మాత్రం పీకనివ్వలేదు. కానీ ఆ కాసేపూ చీపురు పట్టుకుని నిలబడ్డ నేను అక్కడ లేను. ఆ ఊరి పక్కనే బడ్జ్ బడ్జ్‌లో మా అద్దె ఇంటి డాబా మీద ఉన్నాను, పదేళ్ల పిల్లనై.

మా నాన్న అక్కడి జూట్ మిల్లులో ఫిట్టరు. శ్రీకాకుళం వైపు నుంచి పెళ్లయిన కొత్తలోనే అమ్మని వెంటబెట్టుకుని వచ్చేశాడు. ఎర్రజెండా ప్రభుత్వం వచ్చి రెండు మూడేళ్లయిన రోజులవి. మిల్లు గేటు దగ్గర ఎప్పుడు చూసినా ఏదో ఒక ఊరేగింపు. నాన్న వారమంతా అందులో పిడికిలెత్తి జిందాబాద్ కొట్టేవాడు, ఆదివారం మా తెలుగు క్రైస్తవ సంఘంలో అదే చెయ్యెత్తి ప్రార్థన చేసేవాడు. గొంతు మాత్రం రెండుచోట్లా ఒకటే, వీధి చివరికి వినపడేది. ఇంట్లో కింది రెండు గదులు మావి. పైన ఇంటివాళ్లు: మేం ఠాకుమా అని పిలిచే బెంగాలీ బామ్మగారు, ఆవిడ కొడుకు, కోడలు. కోడల్ని కాకీమా అనేవాళ్లం, మన పిన్ని అన్నట్టు. డాబా అందరిదీ. పిల్లల్ని దేవుడు మనకి ఇచ్చేయలేదు, పెంచమని అప్పజెప్పాడంతే అని నాన్న నమ్మకం. అంచేత అప్పజెప్పిన సరుకు ఎక్కడా సొట్టపడకుండా చూసుకునేవాడు.

కుటుంబ ప్రార్థన ఏడాది పొడుగునా ఉండేదిగాని, ఈస్టరుకి ముందొచ్చే నలభై శ్రమదినాల్లో దానికి ఒక తోక తగిలేది. మిల్లు కూత కూసి, నాన్న వచ్చి కాళ్లు కడుక్కుని, చాప పరిచి, కరెంటు ఎలాగూ ఉండదు కాబట్టి లాంతరు వెలిగించాక, ఒక పాట, ఒక అధ్యాయం, ఆ తర్వాత ఒప్పుకోలు. ఆ రోజు చేసిన తప్పు ఒక్కొక్కళ్లూ పైకి చెప్పాలి. చెబితే దెబ్బలుండవు. కానీ ఎవరికి అన్యాయం చేశామో వాళ్ల దగ్గరికి వెళ్లి, మర్నాటి ప్రార్థనలోగా క్షమాపణ అడిగి రావాలి. నాన్న మిల్లులో ఎవరి మీద కేకలేశాడో చెప్పేవాడు. అమ్మ రోజూ ఒకటే చెప్పేది, పిల్లల్ని విసుక్కున్నానని. "రోజూ అదేనేటి?" అని నాన్న అడిగితే, "రోజూ అదే సేత్తన్నాను మరి" అనేది తాపీగా.

చిక్కంతా మాకొచ్చింది. అన్నయ్యకి పన్నెండు, నాకు పది. బడి, ఇల్లు, ఆదివారం సంఘం తప్ప మాకు వేరే లోకం లేదు. పాపం చేయడానికి తీరికేది? మొదటి వారం నిజమైనవే చెప్పాం. రెండో వారానికి సరుకు నిండుకుంది. అప్పుడు అన్నయ్యే ఒక ఉపాయం కనిపెట్టాడు. బడి నుంచి రాగానే వాడు నా జడ లాగేవాడు, నేను వాణ్ని గిల్లేదాన్ని. సాయంత్రానికి చెరో తప్పూ సిద్ధం, క్షమాపణలు కూడా అక్కడికక్కడే. నాలుగు రోజులు గడిచాక నాన్నకి అనుమానం వచ్చి, ఇంట్లోవాళ్ల మీద చేసినవి చెల్లవని తేల్చేశాడు. ఇక బయట వెతుక్కోవాలి.

సరిగ్గా ఆ మర్నాడు ఆరిన బట్టలు తేవడానికి డాబా ఎక్కితే, ఠాకుమా రేగిపళ్ల ఊరగాయ జాడీ ముక్కలై పడి ఉంది. ఎండలో బెల్లంపాకం కారి చీమలు పట్టాయి. చుట్టూ ఎవరూ లేరు. తప్పు తయారుగా ఉంది, చేసినవాళ్లే లేరు. నాకు అంతకన్నా ఏం కావాలి? ఆ సాయంత్రం నా వంతు రాగానే ఆ జాడీ నేనే పగలగొట్టానని చెప్పేశాను. లాంతరు వెలుతురులో నాన్న నన్ను చూసిన చూపులో కోపం లేదు, గౌరవం ఉంది. నాకు లోపల చాలా బాగుందని కూడా చెప్పాలి.

పొద్దున్నే నన్ను పైకి తీసుకెళ్లాడు. అప్పుడు తెలిసింది, ఠాకుమా ఆ నేరం కోడలి మీద వేసి, ముందురోజు నుంచి ఆమె చేతి వంట ముట్టకుండా మరమరాలు తిని కూర్చుందని. నేను తలొంచుకుని ఒప్పుకున్నాను. ముసలావిడ నన్ను ఎగాదిగా చూసి, ఫక్కున నవ్వి, లోపలికి తిరిగి "బౌమా, చా దావ్" అంది. కోడల్ని టీ పెట్టమంది. తలుపు వెనకున్న కాకీమా ముఖం నేను చూశాను. దిగుతుంటే ఆమె వెనకే వచ్చి, నాన్న ముందు నడుస్తుండగా మెట్ల మీద నన్ను గట్టిగా పట్టుకుని, "తుయ్ ఆమాకే బాఁచాలి" అంది, నన్ను కాపాడావని. జాడీ పగిలింది ఆమె చేతిలోనే. ఇంకొక్కటి పగిలితే పుట్టింటికి పంపేస్తానని అత్తగారు అప్పటికే అని ఉందట. నా అరచేతిలో ఒక సందేశ్ పెట్టింది. అంత తియ్యటి మిఠాయి తింటూ అంత భయపడడం నాకు మళ్లీ జరగలేదు.

ఆ ఆదివారం నాన్న సంఘంలో లేచి నా గురించి సాక్ష్యం చెప్పాడు. ఎవరూ చూడని తప్పుని నా కూతురు తనే ఒప్పుకుందని, దేవునికి స్తోత్రమని. అమ్మలక్కలు నా బుగ్గలు నిమిరారు. అన్నయ్య పక్కన కూర్చుని, "అంత పెద్దదెందుకే ఎత్తుకున్నావు?" అని చెవిలో గొణిగాడు. నాలుగు రోజులు నాకు అన్నం సయించలేదు. అయిదో సాయంత్రం నా వంతు వచ్చినప్పుడు చెప్పేశాను.

"జాడీ నేను పగలగొట్టలేదు నాన్నా."

నాన్నకి మొదట అర్థం కాలేదు. "మరెందుకు సెప్పినావమ్మా?"

"సెప్పడానికి ఇంకేటీ లేక."

అన్నయ్య ఏడుపు గొంతుతో జడ సంగతీ, గిల్లుళ్ల సంగతీ బయటపెట్టాడు. నాన్న బైబిలు మూసి అట్ట మీద చెయ్యి పెట్టుకున్నాడు. జాడీ ఎవరు పగలగొట్టారని నన్ను అడగబోతే అమ్మ అడ్డుపడింది. "దాన్నడక్కు. ఎవులో నీకూ తెలుసు, నాకూ తెలుసు."

"రేపు పైకెల్లి నిజం సెప్పీయాల. అబద్దం మీద నా పిల్లకి మంచి పేరొద్దు."

"సెప్పీసి, ఆ పిల్లని పుట్టింటికి తోలీత్తావేటి?" అంది అమ్మ.

మర్నాడు పొద్దున్న మెట్లెక్కాడు, వెనక నేను. పై గది తలుపు తీసి ఉంది. ఠాకుమా పీట మీద కూర్చుని ఉంటే కాకీమా తలకి నూనె రాస్తోంది. ముసలావిడ కళ్లు మూసుకుని ఏదో కబురు చెబుతోంది. మమ్మల్ని చూసి కాకీమా చెయ్యి ఆ జుట్టులోనే ఆగిపోయింది. చెయ్యి ఆగేసరికి ఠాకుమా కళ్లు తెరిచి, ఏమైందని అడిగింది. నాన్న గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. ఊపిరి తీసుకోవడం నాకు వినిపించింది.

"కిఛు నా, మాసీమా," అన్నాడు, ఏం లేదు పిన్నిగారూ అన్నట్టు. "కుళాయిలో నీళ్లొస్తున్నాయా అని అడగడానికొచ్చాను."

నాన్న అబద్ధం ఆడడం నేను వినడం అదే మొదలు.

ఆ సాయంత్రం ఒప్పుకోలు ఆయనే ముందు మొదలుపెట్టాడు. "ఈరోజు నానొక అబద్దం ఆడినాను. ఎవుల్తో ఆడినానో ఆలకి సెప్పలేను. ఆ బరువు నాకాడే ఉంటాది." ఆగి, మా ఇద్దరి వైపూ తిరిగాడు. "నా పిల్లల్సేత కూడా అబద్దాలాడించినాను. తప్పు లేకపోయినా తప్పు సెప్పమన్నాను. ఇది మాత్రం సెప్పగల్ను." మిల్లు యంత్రాల నూనెతో నల్లబడ్డ ఆ రెండు చేతులూ జోడించి, "నన్ను చమించండమ్మా" అన్నాడు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మాకెక్కడ చూడాలో తెలియలేదు. చివరికి అన్నయ్యే, సండే స్కూల్లో జవాబు చెప్పినట్టు, "చమించేం నాన్నా" అన్నాడు. నేను తల ఊపాను.

ఆ తర్వాతి ఆదివారం నాన్న సంఘంలో మళ్లీ లేచి, పోయిన వారం తన కూతురి గురించి చెప్పిన సాక్ష్యం వెనక్కి తీసుకుంటున్నానని చెప్పి కూర్చున్నాడు. కారణం చెప్పలేదు. బుగ్గలు నిమిరిన అమ్మలక్కలు ఈస్టరు దాకా నన్ను అనుమానంగా చూశారు. నాకేమీ బాధ అనిపించలేదు. ఇంట్లో ఒప్పుకోలు అలాగే సాగింది, కాకపోతే, "ఉంటే సెప్పండి, నేకపోతే ఆమెన్ అనండి" అనేవాడు. అన్నయ్య ఆమెన్లే ఎక్కువ అనేవాడు, అదీ నిజమే అయ్యుంటుంది.

ఇదంతా తలచుకుంటూ మొన్న వేళ్ల మీద లెక్క వేసుకున్నాను. చేతులు జోడించిన ఆ సాయంత్రానికి నాన్నకి ముప్ఫై నాలుగేళ్లు. మా అమ్మాయికి ఇప్పుడు ముప్ఫై అయిదు. పిల్లల్ని ఎలా పెంచాలో తెలియని, నా కూతురికన్నా ఏడాది చిన్నవాడైన ఒక కుర్రాడు ఆ చాప మీద మా ముందు కూర్చున్నాడని నాకు తెలియడానికి నలభై అయిదేళ్లు పట్టింది.