పందొమ్మిదో ఎక్కం

నా చిన్నప్పుడు, వయోమింగ్‌లో ఒక జనవరి మధ్యాహ్నం, మంచు తుఫానులో మేం పోగొట్టుకున్నవాటి లెక్క ఇది. కారు ముందు దీపం ఒకటి. నా కుడిచేతి గ్లవ్. మా బాబాయి ఎడమకాలి బూటు. గడ్డకట్టి పగిలిన డజను గుడ్లు, ఉబ్బి మూత ఊడిపోయిన గ్యాలన్ పాలు. వీటితోపాటు బాబాయి పిరికితనం కూడా ఆ రోజే పోయిందని మా నాన్న చాలాకాలం అందరికీ చెప్పుకొచ్చారు. నేను మాత్రం ఆ పద్దు పూర్తిగా ఒప్పుకోను. మర్నాడు పక్కింటి కుక్క మొరగ్గానే అందులో సగం తిరిగి వచ్చేసింది.

అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. ఆ ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క క్లినిక్‌లో నాన్న డాక్టరు. ఊరంటే నాలుగు వీధులు, ఒక పెట్రోలు బంకు, గోధుమలు నిలవచేసే ఒక ఎత్తైన గోదాము. దాని చుట్టూ చూపు ఆనినంత మేరా గడ్డీ గాలీ. తెలుగు మాట్లాడే ఇల్లు మాదొక్కటే. ఆ చలికాలం అమ్మ పురిటికని పుట్టింటికి వెళ్ళింది. నాన్న పొద్దున వెళ్తే చీకటి పడ్డాక గాని వచ్చేవారు కాదు. పక్క ఊళ్ళో ఉన్న స్కూల్లో నాతో ఎవరూ పోట్లాడేవారు కాదు, ఎవరూ ఆడుకునేవారూ కాదు. బస్సులో నా పక్క సీటు ఎప్పుడూ ఖాళీయే. దానిమీద నా లంచ్ బాక్స్ పెట్టుకునేదాన్ని. ఎవరో కూర్చున్నట్టుండేది.

నాకు తోడుగా ఉన్నది బాబాయి ఒక్కడే. నాన్నకు తమ్ముడు. ఎమ్మెస్ పూర్తి చేసి, ఉద్యోగం దొరికేదాకా ఉందామని మా ఇంటికి వచ్చాడు. ఆయనకు భయం లేని వస్తువు మా ఇంట్లో తక్కువ. టోస్టర్‌లోంచి రొట్టె పైకి ఎగిరినప్పుడల్లా ఉలిక్కిపడేవాడు. షాపులో తలుపులు వాటంతటవే తెరుచుకుంటే ఒకడుగు వెనక్కి వేసి, ఇంకెవరైనా ముందు వెళ్ళేదాకా ఆగేవాడు. అన్నిటికంటే ఎక్కువ భయం టెలిఫోనంటే. ఫోన్‌లో ఇంటర్వ్యూ జరిగేటప్పుడు ఒక వాక్యం చెప్పి, అవతలివాళ్ళు ‘ఊ’ అనేదాకా ఆగేవాడు. ఇక్కడివాళ్ళు ఊ కొట్టరు, మన మాట అయ్యేదాకా నోరు మెదపకుండా వింటారు. ఆ నిశ్శబ్దానికి బాబాయి బెదిరిపోయి, సారీ చెప్పి ఫోన్ పెట్టేసేవాడు. అలా చేతిదాకా వచ్చిన ఉద్యోగాలు మూడు పోయాయి. నాకు కథలు చెప్పేటప్పుడూ అంతే. నేను ఊ కొట్టడం మానేస్తే రాజకుమారుడు ఎక్కిన గుర్రం అక్కడే నిలబడిపోయేది.

ఆ ప్రాంతంలో ఒక అలవాటుంది. ఎదురుగా బండి వస్తే, తెలిసినవాళ్ళైనా కాకపోయినా, స్టీరింగ్ మీంచి చూపుడువేలు ఒకటి పైకెత్తి పలకరిస్తారు. అంతంత దూరాల్లో మనిషి కనబడటమే గొప్ప కాబట్టి అలా అలవాటైందేమో. బాబాయికి ఇది మింగుడుపడలేదు. పెద్దవాళ్ళకి ఒంటివేలు చూపించడమేమిటని ఆయన బాధ. అందుకని తల వంచి ఊరుకునేవాడు.

ఆ రోజు తుఫాను వస్తోందని స్కూలు తొందరగా వదిలేశారు. మా వైపు బస్సు వెళ్ళదన్నారు. నన్ను తీసుకురావడానికి బాబాయి నాన్న పాత కారు వేసుకుని వచ్చాడు. దారిలో గుడ్లు, పాలు కొన్నాం. ఊరు దాటేసరికి మంచు పడటం మొదలైంది. కొంతదూరం వెళ్ళాక ఎదురుగా ఒక పికప్ ట్రక్కు వచ్చింది. నడుపుతున్నాయన గడ్డం తెల్లగా ఛాతీదాకా ఉంది. ఆయన వేలెత్తాడు. అంతటి పెద్దమనిషికి తల ఊపితే ఏం బాగుంటుందనుకున్నాడో ఏమో, బాబాయి రెండు చేతులూ స్టీరింగ్ మీంచి తీసి నమస్కారం పెట్టాడు.

“బాబాయ్, స్టీరింగ్!” అని అరిచాను.

“పెద్దాయనమ్మా...” అంటూనే ఉన్నాడు, కారు పక్కకు జారిపోతోంది.

రోడ్డు పక్క గోతిలో ముక్కు దూర్చి ఆగాం. ఆ పెద్దాయన మమ్మల్ని చూడనే లేదు, మంచులో కలిసిపోయాడు. బాబాయి కారు తోద్దామని దిగి తొడదాకా కూరుకుపోయాడు. కాలు బయటికొచ్చింది గాని బూటు రాలేదు. ఆయన్ని పైకి లాగబోయి నేను గ్లవ్ వదులుకున్నాను. మళ్ళీ లోపలికి వచ్చి తలుపు వేసుకునేసరికి బయట లోకం లేదు. కారు బానెట్ కూడా కనబడలేదు. అన్ని కిటికీల్లోనూ ఒకటే తెలుపు.

ఇలాంటప్పుడు కారు వదలి వెళ్ళకూడదని నాన్న మాకు వందసార్లు చెప్పారు. పెట్రోలు ముల్లు చాలా కిందికి దిగి ఉంది. కాసేపు హీటర్ వేసుకోవడం, కాసేపు ఆపుకోవడం. సెల్‌ఫోన్లు లేని కాలం. దూరాలు వెళ్ళి రోగుల్ని చూడాలి కాబట్టి నాన్న కారులో సీబీ రేడియో పెట్టించారు. బండ్లలో ఉన్నవాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకునే రేడియో అది. బాబాయి దాని వంక పాము వంక చూసినట్టు చూశాడు.

“నువ్వు మాట్లాడు అమ్మడూ. నీ యాక్సెంట్ బాగుంటుంది.”

“నాకు రోడ్ పేరు తెలీదు బాబాయ్.”

“నాకు మాత్రం తెలుసా? బోర్డు మీద చదివానంతే. ఎలా పలకాలో ఎవరు చూశారు!”

“బాబాయ్, నాకు చలి వేస్తుంది. జస్ట్ మాట్లాడు, ప్లీజ్.”

ఆయన నా గ్లవ్ లేని చేతిని చూశాడు. గొంతు సవరించుకున్నాడు, పెదవులు కదుపుతూ ఒకసారి లోపల్లోపల వల్లె వేసుకున్నాడు, మైకు బటన్ నొక్కాడు. చిన్నప్పుడు స్కూల్లో సెలవు చీటీ రాయడానికి నేర్పిన ఇంగ్లీషు ఒక్కటే ఆ క్షణంలో ఆయనకు అందినట్టుంది.

“రెస్పెక్టెడ్ సర్, ఐ మోస్ట్ హంబ్లీ బెగ్ టు స్టేట్ దట్ అవర్ కార్ హాజ్ ఫాలెన్ ఇన్‌టు ఎ డిచ్. కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్. థాంకింగ్ యూ, సర్.”

బటన్ వదిలాడు. గరగర తప్ప ఏమీ లేదు. మళ్ళీ అదే చీటీ చదివినట్టు చెప్పాడు. మూడోసారికి ఎవరో నవ్వారు. పెద్ద, బొంగురు నవ్వు. తను రోడ్డు మీద మంచు తోసే బండి నడుపుతున్నానని, ఎక్కడున్నారో చెప్పమని అడిగాడు. బాబాయి రోడ్డు పేరు అక్షరం అక్షరం విడదీసి చెప్పాడు. మాలాగే ఆ మనిషికీ కంటికి ఏమీ ఆనడం లేదట. తన బండి ముందున్న మంచు తోసే రేకు తనకే కనబడటం లేదట. కాని ఆయన రేడియో మీద ఒక ముల్లు ఉంది, మాట్లాడే మనిషి దగ్గరయ్యేకొద్దీ అది పైకి లేస్తుంది. దాన్ని చూస్తూ వస్తానన్నాడు.

“బటన్ నొక్కి పట్టుకో, సన్. మాట్లాడుతూనే ఉండు. నువ్వు నొక్కినంతసేపూ నా మాట నీకు వినబడదు. నేనున్నాననే అనుకో. నీ మాట ఆగిందా, మిమ్మల్ని దాటి వెళ్ళిపోనన్నా పోతాను, మీ మీదికన్నా వస్తాను. మళ్ళీ ఇటు రావాలంటే రేపే.”

ఎవరున్నారో తెలియని చోటికి, ఊ అనే దిక్కు లేకుండా, ఆపకుండా మాట్లాడాలి. ఇంతకంటే కుక్కల మందలోకి వెళ్ళమన్నా నయమనుకుని ఉంటాడు బాబాయి.

బటన్ నొక్కాడు. తన పేరు చెప్పాడు. తండ్రిపేరు, పుట్టిన ఊరు, పదో తరగతిలో ఏ సబ్జెక్టులో ఎన్ని మార్కులు వచ్చాయో చెప్పాడు. డిగ్రీ, ఎమ్మెస్, థీసిస్ పేరు అయ్యాయి. హాబీలు స్టాంపులు సేకరించడం అన్నాడు. అక్కడితో ఇంగ్లీషు అయిపోయింది. కళ్ళు పెద్దవి చేసి నా వంక చూశాడు. వేలు మాత్రం బటన్ మీదే ఉంది. ఏం తట్టిందో, ఉన్నట్టుండి తెలుగులోకి దిగి రెండో ఎక్కం అందుకున్నాడు.

“ఊ కొట్టు అమ్మడూ,” అన్నాడు మధ్యలో.

నేను ఊ అన్నాను. రెండు రెళ్ళు నాలుగు, ఊ. రెండు మూళ్ళు ఆరు, ఊ. మూడో ఎక్కం, నాలుగో ఎక్కం. ఒక్కొక్క ఊకీ ఆయన ఒక్కొక్క మెట్టు ఎక్కుతున్నట్టుండేది. పదకొండు, పన్నెండు వచ్చేసరికి నా పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. పదిహేనులో దవడ బిగుసుకుపోయింది. పదిహేడో ఎక్కంలో నాకు ఊ రాలేదు.

బాబాయి ఆగాడు. నా వైపు చూశాడు. ఆ చూపు నాకిప్పటికీ గుర్తు. తర్వాత ముఖం తిప్పుకుని, ఎదుటి అద్దంలోని తెలుపు వంక చూస్తూ, ముందుకంటే గట్టిగా, ‘పదిహేడు నాలుగులు అరవై ఎనిమిది’ అన్నాడు. ఎవరూ ఊ అనలేదు. ‘పదిహేడు ఐదులు ఎనభై ఐదు’ అన్నాడు. ఒక చేత్తో నన్ను కోటులోకి లాక్కుని, ఇంకో చేత్తో మైకు పట్టుకుని, పద్దెనిమిది మొత్తం అరిచినట్టే చెప్పాడు. పందొమ్మిదిలోకి వచ్చాడు.

“పందొమ్మిది ఏళ్ళు నూట ముప్పై మూడు. పందొమ్మిది ఎనిమిదులు...”

కిటికీ మీద దబదబ బాదారు. బాబాయి చేతిలోంచి మైకు జారిపోయింది.

తలుపు లాగి తెరిచినాయన కనుబొమల నిండా మంచు. టోపీ చేత్తో పట్టుకుని ఉన్నాడు. “మీ ప్రార్థన పూర్తయ్యేదాకా ఆగమంటారా?” అని అడిగాడు. దేవుణ్ణి పిలుస్తున్నామనుకుని, ప్రార్థనకి మర్యాదగా టోపీ తీసేసి, దారిపొడుగునా బోడితలతోనే బండి నడిపాడట.

“నాట్ ప్రేయర్, సర్,” అన్నాడు బాబాయి వణుకుతూ. “నైన్టీన్త్ టేబుల్, సర్.”

ఆయన పగలబడి నవ్వి, ఎర్రబడిన చెవుల మీదికి టోపీ లాక్కున్నాడు. క్లినిక్‌లో నాన్నకు రేడియో మీద కబురు పంపించి మమ్మల్ని తన బండిలో ఎక్కించుకున్నాడు. ఒంటి బూటుతో బాబాయి ఒకవైపు, ఆయన ఒకవైపు, మధ్యలో నేను. హీటర్ వేడికి నా నోరు విడివడగానే మొదట అడిగింది, ఎనిమిదులు ఎంత అని. బాబాయి కళ్ళు తుడుచుకుంటూ, ఇప్పుడు తన బుర్రలో ఏమీ లేదన్నాడు.

“నువ్వే కట్టి చెప్పు అమ్మడూ. తొందరేం లేదు.”

అప్పటికి నాకు ఎక్కాలు రావు. వేళ్ళ మీద చూసుకున్నాను. నూట ముప్పై మూడుకి ఇరవై కలిపి, ఒకటి తీసేశాను. ఎవరూ చెప్పకుండా నా అంతట నేను కట్టిన మొదటి లెక్క అది. చెబుదామని తిరిగేసరికి బాబాయి నిద్రపోయాడు.

తర్వాత వచ్చిన ఫోన్ ఇంటర్వ్యూలో బాబాయి ఎంతసేపు ఆగకుండా మాట్లాడాడంటే, ఉద్యోగం ఇచ్చామని చెప్పడానికి వాళ్ళకు సందు దొరకలేదని నాన్న నవ్వేవారు. న్యూజెర్సీలో, ఐసెలిన్ దగ్గర ఉద్యోగం. మంచు కరగకముందే వెళ్ళిపోయాడు. ఇల్లు మళ్ళీ మునుపటిలా అయిపోయింది. బస్సులో నా పక్కన మళ్ళీ లంచ్ బాక్సే.

మొదటి ఆదివారం ఫోన్ మోగింది. ఫోనంటే హడలిపోయే మనిషి, తనంతట తాను చేశాడు.

“ఏమ్మా, ఆ లెక్క తేలిందా?”

జవాబు నాలుక చివర ఉంది. కాని చెప్పేస్తే వచ్చే ఆదివారం ఎందుకు చేస్తాడని తోచింది.

“ఇంకా లేదు బాబాయ్,” అన్నాను.

“సరే, నిదానంగా కట్టు. మళ్ళీ ఆదివారం అడుగుతాలే.”

ఆ ఆదివారాలు నా చదువు దాటి, పెళ్ళి దాటి, నేను వర్జీనియా వచ్చి షాంటిలీలో ఒంటరిగా మిగిలాక కూడా ఆగలేదు. లెక్కలు నేను ఏ కాలేజీలోనూ నేర్చుకోలేదు. నా అంతట నేను నేర్చుకున్న దానితోనే తెలిసినవాళ్ళ టాక్స్ కాగితాలు చూసిపెడుతుంటాను. బాబాయి దాన్నీ వదలలేదు. “ఊళ్ళోవాళ్ళందరి టాక్సులూ కడతావు, పందొమ్మిది ఎనిమిదులు కట్టలేవుటే?” అనేవాడు. “అది కష్టమైన లెక్క బాబాయ్,” అనేదాన్ని. ఇద్దరం నవ్వుకునేవాళ్ళం. ఆయనకు తెలియకపోలేదు.

పోయిన చలికాలం ఆయన ఆసుపత్రిలో ఉండగా, ఆ ఆదివారం నేనే చేశాను. ప్రయాణం చేసే ఓపిక నాకు అప్పుడు లేదు. పిన్ని ఫోన్ ఆయన చెవి దగ్గర పెట్టి, మాట రావడం లేదు, వింటున్నాడో లేదో కూడా తెలియదమ్మా, నువ్వు మాట్లాడు అంది. అవతలినుంచి ఏమీ లేదు. ఊ అనే మనిషి లేకుండా మాట్లాడటం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. అది నాకు ఎవరు నేర్పారో కూడా తెలిసింది. రెండో ఎక్కంతో మొదలుపెట్టాను. పదిహేడో ఎక్కం కిటికీ వంక చూస్తూ ఇంకాస్త గట్టిగా చెప్పాను. ఎక్కడా ఆగలేదు. పందొమ్మిదిలో ఏడోదాకా వచ్చి, అక్కడ మాత్రం ఆపాను. వచ్చే ఆదివారం ఆయన అడగాలి కదా.

ఆయన మళ్ళీ అడగలేదు. ఆయనకు నేను చెప్పవలసిన సంఖ్య నా దగ్గరే ఉండిపోయింది. నూట యాభై రెండు.