రెక్క పక్కన రెక్క, కాళ్ల కింద పానా

ఆ రోజు పొద్దున నేను ఒక మనిషిని చెంప మీద కొట్టాను. అతను అబద్ధం చెప్పలేదు. అది నాకు తెలుసు.

ఈ అరబ్బు దేశంలో సీబ్ అనే ఊళ్లోని మా రూమ్ నుంచి గంట ప్రయాణం దూరంలో ఉన్న చిన్న ఎయిర్‌ఫీల్డ్‌లో నేను హ్యాంగర్ సూపర్‌వైజర్ని. ప్రదర్శన కోసం అక్కడికి నాలుగు పాత సైనిక విమానాలు వచ్చాయి. ముందు పంకా, ఒకరి వెనక ఒకరు కూర్చునే రెండు సీట్లు. వయసులో నాకంటే పెద్దవి. వారం రోజులు వాటిని కడిగి, తుడిచి, బోల్టులు బిగించాం. చివరి రోజు ప్రాక్టీసుకు వెనక సీటు ఖాళీగా ఉంది, వస్తావా అని ఒక ముసలి పైలట్ నన్ను అడిగాడు. పదిహేనేళ్లుగా విమానాల కింద పడుకుని పని చేసినవాణ్ణి. వద్దనలేకపోయాను.

మా పనిముట్ల డబ్బాలో ప్రతి పానాకూ దాని ఆకారంలో కోసిన గాడి ఉంటుంది. ఒక్క గాడి ఖాళీగా ఉన్నా, ఆ పానా విమానంలోనే ఉండిపోయిందేమో అని విమానం కదలకూడదు. ఆ డబ్బా చూసేవాడు జగిత్యాల నుంచి వచ్చినవాడు, నాకంటే పదేళ్లు చిన్న. నేను హెల్మెట్ పెట్టుకునేసరికి పరుగెత్తుకొచ్చాడు.

“అన్నా, ఒక చిన్న పానా లేదే. ఆపుమని చెప్పు.”

“ఆడనే ఏడనో పడి ఉంటది. మల్ల చూడు.”

“మూడుసార్లు చూసిన. పెండ్లికొడుకు లెక్క తయారైనవ్ గనీ, జర ఆగరాదే!”

అతను నా హెల్మెట్ వైపు చెయ్యి తిప్పిన తీరుకు పక్కనున్న పాకిస్తానీ, బంగ్లాదేశీ పనివాళ్లు పగలబడి నవ్వారు. నా చెయ్యి లేచింది. దెబ్బకు అతని ముక్కు నుంచి రక్తం కారింది. నేను డబ్బా మూత వేసి, పైలట్‌కు బొటనవేలు ఎత్తి చూపించాను.

పైకి లేచాక కాసేపటికి, మాతో జంటగా ఎగరాల్సిన పక్క విమానం మా మీదికే వస్తున్నట్టు దగ్గరైంది. దాని రెక్క మీది రివిట్లు, ఇంజిన్ నుంచి కారిన నూనె గీతలు కనిపించాయి. కింద హజర్ కొండలు వెనక్కి పరుగెడుతున్నాయి. ఆ విమానం మాత్రం గాలిలో మేకు కొట్టి బిగించినట్టు కదలకుండా ఉంది. మా పైలట్ ముందుకు చూడటమే లేదు. అతని తల ఆ రెక్క వైపే తిరిగి ఉంది. అది వంగితే మేమూ వంగాం, అది లేస్తే లేచాం. మధ్యలో దాని పంకా గాలి మమ్మల్ని పట్టి కుదిపేసింది. నా తల అద్దానికి గుద్దుకుంది. నొప్పి తెలియలేదు. ఆనందంతో అరిచాను.

అప్పుడే విమానం ఒక్కసారిగా కిందికి జారింది. బెల్టులు భుజాలను కోశాయి. సీటు కింద నుంచి ఆ పానా పైకి లేచి, నా మోకాళ్ల ముందు తేలింది. పట్టుకోబోయాను. అది జారి, విమానాన్ని తిప్పే పిడి నుంచి కడ్డీలు వెళ్లే సందులో పడింది. అది అక్కడ ఇరుక్కుంటే మేము నేరుగా ఆ పక్క రెక్కలోకి దూసుకుపోతాం.

అయినా రెండు మూడు క్షణాలు ఊరుకున్నాను. చెబితే నా పరువు పోతుందని. ఆ క్షణాలకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను. తరువాత మైకులో అరిచాను.

పైలట్ విమానాన్ని పక్కకు విరిచి లాగాడు. ఒంట్లో రక్తమంతా కాళ్లలోకి దిగింది, కళ్లకు చీకట్లు కమ్మాయి. ఎలాగో దించాడు. ఆ సందులోంచి పానా బయటికి తీస్తే, కడ్డీ నలిపిన గాట్లు దాని మీద తెల్లగా ఉన్నాయి. పైలట్ నా కాలరు పట్టుకుని రెక్కకేసి గుద్దాడు. లెక్క చూసింది ఎవరని అడిగాడు.

మా మేనేజరు జగిత్యాల అతని వైపు వేలు చూపించి, “నీకు ఇవాళే ఇంటికి టికెట్” అని హిందీలో అరిచాడు. అతని మాసిన చొక్కా మీద రక్తం ఎండిపోయి ఉంది. అతను నా వైపు చూశాడు.

“లెక్క చూసింది అతనే. లేదని నాకు చెప్పాడు. నేనే కొట్టి నోరు మూయించాను” అన్నాను.

జరిగింది జరిగినట్టు కాగితం మీద రాసి సంతకం పెట్టాను. నా సూపర్‌వైజర్ పని పోయింది, నన్ను విమానాలు కడిగే పనిలో వేశారు. అతని పని నిలిచింది.

మర్నాడు డ్యూటీ మొదలవగానే, ముందురోజు నవ్విన వాళ్లందరినీ హ్యాంగర్‌లోకి పిలిచాను. అందరికీ అర్థం కావాలని హిందీలో నా తప్పు చెప్పి, అతని ముందు చేతులు జోడించాను.

అతను చేతులు కట్టుకుని విన్నాడు. “అందరికి హిందీల చెప్పినవ్ గదనే. నాకు చెప్పలే.”

“తప్పయింది తమ్మీ” అన్నాను. “నా షోకు కోసం నీ నెత్తురు కారవెట్టిన. ఆ పైలట్ పాణం మీదికి తెచ్చిన.”

క్షమించానని అతను అనలేదు. నేనూ అడగలేదు. నా హ్యాంగర్ తాళాలు అతని చేతిలో పెట్టి, బకెట్ తీసుకుని చక్రాలు కడగడానికి వెళ్లాను.